టాబ్లెట్ మొదలయ్యాక చెవికి, కంటికి, ఒంటికి ఏం జరుగుతుంది, ఇంట్లోవాళ్ళం దాన్ని ఎలా గమనించాలి

ఇంట్లో ఒకళ్ళకి సైకోసిస్, అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు నిజమనిపించడం, అని చెప్పి డాక్టర్ రిస్పెరిడోనో ఒలాంజపినో రాసిచ్చాక మనందరం పొద్దున లేవగానే అడిగే ప్రశ్న ఒకటే, ఇంకా మాటలు వినిపిస్తున్నాయా అని. ఆ ప్రశ్న కాస్త పక్కన పెట్టమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా. దాని బదులు అడగాల్సింది ఇంకోటుంది, వినిపిస్తే వినిపించనీ, అవి నిన్ను ఎంత లాగుతున్నాయి, ఎంతసేపు వాటి వెంట పోవాల్సి వస్తోంది అని. ఎందుకంటే ఈ మందులు చెవిని మూసెయ్యవు, మెదడులో శబ్దాన్ని తీసేసే స్విచ్ కూడా కాదు, అవి ముందుగా తగ్గించేది ఆ లాగుడుని. ఇది అర్థమైతే చాలా గొడవలు ఇంట్లో తగ్గిపోతాయి.

మేముండేది బెంగళూరులో, కేఆర్ పురం వైపు. మా తమ్ముడు కొన్నేళ్ళుగా ఈ మందులు వాడుతున్నాడు, తను ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాను, ఏ టాబ్లెట్ ఎంత వేసుకోవాలనేది ఇక్కడ చెప్పను, అది డాక్టర్ పని. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం చెప్పాలి, ఇంట్లో ఏం సర్దుకోవాలి అనేది మాత్రం మన పనే, దాని గురించే చెప్తా.

ముందు బుర్రలో జరిగేది కాస్త తెలుసుకోవాలి, లేకపోతే మిగతాదంతా బట్టీ పట్టాల్సొస్తుంది. చెవిలో పడ్డ శబ్దం నరం గుండా థాలమస్ అనే చోటికి పోయి అక్కణ్ణించి కణతల లోపలివైపు ఉండే ఆడిటరీ కార్టెక్స్‌కి చేరుతుంది. 1999లో డియర్క్స్ అనే పరిశోధకుడూ ఆయన టీమూ మాటలు వినిపించే పేషెంట్లని స్కానర్‌లో పడుకోబెట్టి, వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమని చెప్పి చూశారు. బయట ఎవరూ మాట్లాడకపోయినా, మామూలుగా శబ్దం వింటే పనిచేసే ఆ భాగమే ఆ టైంలో గట్టిగా పనిచేస్తూ కనపడింది. అంటే తను వింటున్నా అంటే నిజంగానే వింటున్నాడు, నాటకం కాదు. అందుకని ఎవరూ లేరు, ఏమీ లేదు, అంతా నీ భ్రమ అని వాదించడం శుద్ధ దండగ. నాకైతే వినపడట్లేదురా, నీకు వినిపిస్తోందని మాత్రం నమ్ముతున్నా అంటే చాలు, అబద్ధం చెప్పినట్టూ ఉండదు, తనని తోసేసినట్టూ ఉండదు.

ఇక డోపమైన్, మెదడులో ఒక నరకణం నించి ఇంకో నరకణానికి కబురు మోసే రసాయనం. మారతహళ్ళి బ్రిడ్జి కింద సాయంత్రం ఆరున్నరకి బస్సు కోసం నిలబడ్డామనుకోండి, హారన్లు, కండక్టర్ కేకలు, పక్కన ఎవరో ఫోన్‌లో నవ్వడం, వెనక ఇద్దరు కన్నడలో ఏదో అనుకోవడం, ఇవన్నీ మన చెవిలోనూ పడతాయి కానీ మన బుర్ర వాటిలో మన బస్ నంబర్ తప్ప ఏదీ పట్టించుకోదు. ఏది ముఖ్యం ఏది కాదు అని గుర్తు పెట్టే పనిలో డోపమైన్‌కి పెద్ద వాటా ఉంది. సైకోసిస్‌లో స్ట్రయేటం అనే భాగంలో అది అవసరం లేనప్పుడు కూడా విడుదలవుతుంటుంది, పరీక్ష పుస్తకంలో ఒక్క లైను కూడా వదలకుండా అన్నిటి కిందా ఎర్ర పెన్నుతో గీత గీసినట్టు, అప్పుడు ఆ ఫోన్‌లో నవ్వు కూడా నా గురించే, ఆ కన్నడ మాటలు కూడా నా గురించే అనిపిస్తాయి. షితిజ్ కపూర్ అనే సైకియాట్రిస్ట్ 2003లో ఈ ఆలోచనని వివరంగా రాశాడు, అనవసరమైన వాటికి ప్రాముఖ్యం అంటుకోవడమే సైకోసిస్‌కి మూలం అని, మందు ఆ అంటుకోవడాన్ని తగ్గిస్తుంది తప్ప అప్పటికే మనసులో కట్టుకున్న కథని చెరిపెయ్యదు అని. నాకు చదివినవాటిలో ఇంట్లోవాళ్ళకి అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇదే అనిపించింది.

ఇది మొదటి మందు దగ్గర్నించీ కనపడుతూనే ఉంది. ఫ్రాన్స్‌లో హెన్రీ లాబోరిట్ అనే నేవీ సర్జన్ ఆపరేషన్ ముందు ఇవ్వడానికి మందులు వెతుకుతూ క్లోర్‌ప్రోమజైన్ వాడి చూస్తే, మనిషి నిద్రపోలేదు, స్పృహ తప్పలేదు, చుట్టూ జరిగేదాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోవట్లేదు. అది చూసే ఆయన మానసిక వైద్యులకి ఈ మందు గురించి చెప్పడం, 1952లో పారిస్‌లో సెయింట్ ఆన్ హాస్పిటల్లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు దాన్ని సైకోసిస్ పేషెంట్లకి వాడటం జరిగాయి. డోపమైన్ సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు, స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ దాన్ని బయటపెట్టింది 1950ల చివర్లో, ఆయనకి నోబెల్ వచ్చింది 2000లో.

ఈ మందుల్లో దాదాపు అన్నీ డోపమైన్ వచ్చి అతుక్కునే డి2 రిసెప్టర్ల మీద కూర్చుంటాయి. ఎన్ని రిసెప్టర్లు మూసుకున్నాయో చూపించే పెట్ స్కాన్లతో లెక్క కడితే స్ట్రయేటంలో సుమారు 65 శాతం రిసెప్టర్లు మూసుకున్నప్పుడు మందు పనిచేయడం మొదలవుతుంది, 80 శాతం దగ్గరికొస్తే ఒళ్ళు బిగుసుకోవడం, వణుకు లాంటివి వస్తాయి. క్లోజపిన్ ఇంతకంటే తక్కువలోనే పనిచేస్తుంది, అరిపిప్రజోల్ రిసెప్టర్‌ని పూర్తిగా ఆపకుండా కొంచెం పని చేయనిస్తుంది కాబట్టి దాని లెక్క వేరు, కానీ మిగతా చాలావాటికి ఈ 65కీ 80కీ మధ్య ఉన్న సందే అసలు చోటు. దీన్నించి ఇంట్లోవాళ్ళు తెలుసుకోవాల్సింది ఏంటంటే ఇవాళ మాటలు ఎక్కువున్నాయి కదా అని ఇంకో అర టాబ్లెట్ మనమే వేస్తే నిశ్శబ్దం పెరగదు, బిగుసుకోవడం పెరుగుతుంది.

టైం గురించి. మొదటి వారంలోనే నిద్ర పడుతుంది, కంగారు తగ్గుతుంది, లాగుడు కూడా కొద్దికొద్దిగా తగ్గడం మొదలవుతుంది. మాటలు దూరంగా, చిన్నగా అవడం దాని వెనకాల వస్తుంది. నమ్మకాలు అన్నిటికంటే చివర, మాటలు ఆగిపోయినా పక్కింటాయన మీద అనుమానం నెలల తరబడి ఉండొచ్చు. ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి సరైన డోసులో నాలుగు నుంచి ఆరు వారాలు చూస్తారు, కాబట్టి పదో రోజుకే ఇది పనికిరాదు అని మార్చమని డాక్టర్‌ని తొందరపెట్టకండి. పూర్తిగా ఆగిపోకుండా మాటలు సన్నగా మిగిలిపోయేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళు ఆఫీసులకి పోతున్నారు, వంట చేస్కుంటున్నారు, ఆ మాటలు అటుపక్క నడుస్తూ ఉంటాయి అంతే. లాగుడు ఎంత అని అడగమన్నది ఇందుకే.

ఇప్పుడు మందు వల్ల పెద్దగా మారని సంగతి ఒకటి చెప్పాలి, దీని మీదే ఎక్కువ తిట్లు పడతాయి ఇళ్ళల్లో. టాబ్లెట్ టంచన్‌గా వేసుకుంటున్నాడు కదా, మరి మిక్సీ వేస్తే ఎందుకు చెవులు మూసుకుని పారిపోతున్నాడు అని. దీనికి ఒక పరీక్ష ఉంది, తలకి వైర్లు పెట్టి టక్ అని ఒక శబ్దం, సరిగ్గా అర సెకను తర్వాత అలాంటిదే ఇంకోటి వినిపిస్తారు. మామూలుగా రెండోదానికి మెదడు స్పందన బాగా చిన్నదైపోతుంది, తెలిసిన శబ్దమే కదా అని వదిలేస్తుంది. స్కిజోఫ్రీనియాలో, అంటే సైకోసిస్ వచ్చే ముఖ్యమైన జబ్బుల్లో ఒకదాంట్లో, చాలామందికి రెండోది కూడా దాదాపు మొదటిదంత పెద్దగానే వస్తుంది, పి50 గేటింగ్ లోపం అంటారు దీన్ని, 1980ల మొదట్నించీ దీని మీద పని జరుగుతోంది. హాలోపెరిడాల్ లాంటి పాత మందులు దీన్ని పెద్దగా సరిచేయవు, క్లోజపిన్‌కి బాగా స్పందించినవాళ్ళలో కొంత మెరుగు కనిపించింది. ఒకే రకం శబ్దాల మధ్యలో తేడాగా ఇంకోటి వస్తే మెదడు తనంతట తానే గుర్తుపట్టే ఇంకో స్పందన ఉంది, మిస్‌మ్యాచ్ నెగటివిటీ అని, అది కూడా వీళ్ళలో తక్కువే, మందులతో అదీ పెద్దగా మారట్లేదు. అంటే మాటలు తగ్గినా శబ్దాలకి వడపోత సరిగ్గా లేకపోవడం అలాగే ఉండిపోవచ్చు. అది మొండితనం కాదు, మందు ఎగ్గొడుతున్నాడని కూడా కాదు.

దీనికి ఇంట్లో చేయాల్సింది చాలా ఉంది, ఖర్చు కూడా లేదు. మిక్సీ, వాషింగ్ మెషిన్, కుక్కర్ పెట్టే ముందు ఒక మాట చెప్పండి, రెండు నిమిషాల్లో మిక్సీ వేస్తున్నా అని, ముందే తెలిసిన శబ్దం అంత ఉలికిపాటు కలిగించదు. టీవీ ఊరికే మోగుతూ ఉండనివ్వకండి, అందులోనూ న్యూస్ డిబేట్లు, నలుగురు ఒకేసారి అరిచే ప్రోగ్రాం వీళ్ళకి నరకం. అన్నం తినేటప్పుడు ఇద్దరు ఒకేసారి తనతో మాట్లాడొద్దు, ఒకళ్ళు మాట్లాడి ఆగాక ఇంకొకళ్ళు, చిన్న చిన్న వాక్యాలు, జవాబుకి కాస్త టైం ఇవ్వండి. బెంగళూరులో పై ఫ్లాట్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు డ్రిల్లింగ్ చేయిస్తూనే ఉంటారు, సెక్యూరిటీ దగ్గరో అసోసియేషన్ గ్రూపులోనో అడిగితే ఏ రోజు ఏ టైంలో పని అనేది చెప్తారు, జబ్బు సంగతి చెప్పక్కర్లేదు, ఇంట్లో ఒంట్లో బాలేని మనిషి ఉన్నారు అంటే చాలు. వినాయక చవితి మైక్ సెట్లు, దీపావళి టపాసులు, ఆ రోజుల్లో ముందే ఏ గదిలో ఉండాలి, అవసరమైతే ఏ చుట్టాలింటికి పోవాలి అనేది తనతో కలిసి కూర్చుని మాట్లాడుకోండి.

అలాగని పూర్తి నిశ్శబ్దం కూడా మంచిది కాదు. చాలామందికి చుట్టూ ఏ శబ్దమూ లేనప్పుడే మాటలు పెరుగుతాయి, తలుపులేసి గదిలో ఒంటరిగా పడుకోబెట్టడం విశ్రాంతి అనుకుంటాం కానీ అది ఎదురు తిరగొచ్చు. తనకి నచ్చిన పాట హెడ్‌ఫోన్స్‌లో చిన్నగా పెట్టుకోవడం, కూనిరాగం తీయడం, పైకి గట్టిగా పేపర్ చదవడం, ఇవి కొందరికి మాటల్ని బాగా తగ్గిస్తాయి. మా తమ్ముడికి పాటలకంటే క్రికెట్ కామెంటరీ పనిచేస్తుంది, అది కూడా తెలుగులో ఉంటేనే. ఎవరికి ఏది పనిచేస్తుందో వాళ్ళే చెప్పాలి, రెండు మూడు రకాలు ట్రై చేసి చూడటమే.

ఇక మందే తెచ్చిపెట్టే మార్పులు, వీటిని జబ్బు అనుకుని పొరబడటం చాలా మామూలు.

కళ్ళు. దగ్గరి అక్షరాలు మసకగా కనిపించడం, ఎండలోకి వస్తే కళ్ళు చిట్లించుకోవడం, ఇవి నరాల మధ్య కబుర్లు మోసే ఇంకో రసాయనమైన ఎసిటైల్‌కొలిన్‌ని అడ్డుకునే మందుల వల్ల వస్తాయి, ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటివి కొంత చేస్తాయి, వాటికంటే బిగుసుకోవడం తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, అదే మనందరం పాసిటేన్ అనేది, ఇంకా ఎక్కువ చేస్తుంది. ఫోన్ చదవలేకపోతున్నా అంటే వెంటనే కళ్ళద్దాల షాపుకి పరిగెత్తకండి, ముందు సైకియాట్రిస్ట్‌కి చెప్పండి, డోస్ సర్దితే చూపు మళ్ళీ మామూలవ్వచ్చు, అప్పుడు ఆ కొత్త అద్దాలు దండగ. మసకతో పాటు దాహం విపరీతంగా ఉండి మాటిమాటికీ బాత్రూంకి పోతుంటే మాత్రం అది షుగర్ అయ్యుండొచ్చు, ఒలాంజపిన్, క్లోజపిన్ వాడేవాళ్ళకి షుగర్ పెరిగే అవకాశం ఎక్కువ, అదే రోజు టెస్ట్ చేయించండి. కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనపడితే అది ఎమర్జెన్సీ, కంటి హాస్పిటల్‌కి అప్పుడే పోవాలి. క్లోర్‌ప్రోమజైన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి కంటి కటకంలో, కార్నియాలో మచ్చల్లాంటివి పేరుకోవచ్చు, ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది, టోపీ, ఫుల్ హ్యాండ్స్ చొక్కా అలవాటు చేయండి, కళ్ళు అప్పుడప్పుడు చూపిస్తూ ఉండండి.

కళ్ళ గురించే ఇంకోటి, ఇది అందరూ తెలుసుకోవాలి. మందు మొదలుపెట్టిన మొదటి రోజుల్లో, ముఖ్యంగా హాలోపెరిడాల్ లాంటివి ఇచ్చినప్పుడు, ముఖ్యంగా కుర్రవాళ్ళకి, ఉన్నట్టుండి కళ్ళు పైకి తిరిగిపోయి అక్కడే ఆగిపోతాయి, మెడ ఒక పక్కకి లాక్కుపోతుంది, నాలుక బయటికి వచ్చేస్తుంది, దవడ పట్టేస్తుంది. చూడటానికి చాలా భయంగా ఉంటుంది, ఊళ్ళో పెద్దవాళ్ళు గాలి సోకింది అని దర్గాకో భూతవైద్యుడి దగ్గరికో బయల్దేరదీస్తారు. దయచేసి వద్దు. అది అక్యూట్ డిస్టోనియా, డోపమైన్ అడ్డుపడటం వల్ల కండరాలు పట్టేయడం, దగ్గర్లో ఏ హాస్పిటల్ క్యాజువాలిటీకైనా తీసుకెళ్ళి ఏ టాబ్లెట్ వాడుతున్నాడో స్ట్రిప్ చూపిస్తే ఒక ఇంజెక్షన్‌తో చాలాసార్లు అరగంటలోపే వదిలేస్తుంది. ఆ తర్వాత మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, మందు మార్చడమో ఇంకోటి కలపడమో ఆయన చూసుకుంటారు.

నోరు. నోరు ఎండిపోతే తిండి రుచి మారిపోతుంది, నీళ్ళు కూడా తేడాగా అనిపిస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారని ముందే అనుమానం ఉన్న మనిషికి నిజంగానే రుచి మారిపోతే ఏమవుతుంది చెప్పండి, ఆ అనుమానానికి సాక్ష్యం దొరికినట్టే కదా. అందుకని మందు మొదలుపెట్టిన రోజే, ఈ టాబ్లెట్‌కి నోరు ఎండుతుందంట, అన్నం రుచి కొంచెం తేడాగా తెలుస్తుందంట అని ముందే చెప్పండి, అందరూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తినండి. నోరెండిందని కూల్‌డ్రింకులు తాగడం మొదలుపెడితే పళ్ళూ పాడవుతాయి, బరువూ పెరుగుతుంది, మంచినీళ్ళు కొద్దికొద్దిగా తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్ మేలు. నాలుక కింద పెట్టుకునే అసెనపిన్ నోటిని మొద్దుబారుస్తుంది, చేదుగా ఉంటుంది, పెట్టుకున్నాక పది నిమిషాలు ఏదీ తినకూడదు తాగకూడదు, మింగేస్తే పనిచేయదు. లురాసిడోన్ అయితే కనీసం 350 క్యాలరీల తిండితో పాటు వేసుకోవాలి, లేకపోతే ఒంట్లోకి సరిగ్గా ఎక్కదు, పీజీలో ఉండే పిల్లలు రెండిడ్లీ తిని వేసుకుంటుంటారు, అది చాలదు, భోజనంతో వేసుకోవడమే నయం. క్లోజపిన్‌కి ఉల్టా, రాత్రి నిద్రలో చొంగ బాగా కారుతుంది, దిండు మీద టవల్ వేయండి, సిగ్గుపడేలా మాట్లాడకండి, ఎక్కువుంటే డాక్టర్‌కి చెప్తే దానికీ మందుంది.

ఒళ్ళు. అన్నిటికంటే ఎక్కువ అపార్థం అయ్యేది అకతీసియా. లోపల్నించి ఆగలేనితనం, కూర్చుంటే కాళ్ళు ఆడించడం, లేచి హాల్లో అటూఇటూ తిరగడం, నిలబడ్డా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారడం. చూసేవాళ్ళకి జబ్బు ముదిరినట్టే కనిపిస్తుంది, మనం డాక్టర్‌తో కంగారు ఎక్కువైంది సార్ అని మాత్రమే చెప్తే డోస్ పెంచే ప్రమాదం ఉంది, పెంచితే ఇది ఇంకా పెరుగుతుంది. అందుకని తనని విడమరిచి అడగండి, భయంగా ఉండి తిరుగుతున్నావా, లేక భయమేం లేదు గానీ కాళ్ళు ఆగట్లేదా. రెండోది అయితే ఆ మాటలతోనే డాక్టర్‌కి చెప్పండి, డోస్ పెంచాక ఎన్నో రోజు మొదలైందో కూడా. దీనికి డోస్ తగ్గించడం, ప్రొప్రనలాల్ ఇవ్వడం లాంటి దారులున్నాయి. ఇది చిన్న ఇబ్బంది అని వచ్చే నెల రివ్యూ దాకా ఆగొద్దు, ఈ బాధ తట్టుకోలేక చచ్చిపోవాలనిపించే స్థితికి కూడా మనుషులు వెళ్తారు.

జ్వరం గట్టిగా వచ్చి, ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి, మనిషి అయోమయంగా ఉంటే ఒక్క గంట కూడా ఆగకుండా పెద్ద హాస్పిటల్ ఎమర్జెన్సీకి పోవాలి, న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనేది అరుదే గానీ ప్రాణం మీదికొస్తుంది. క్లోజపిన్ వాడే మనిషికి మామూలు జ్వరం, గొంతు నొప్పి వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి, తెల్లకణాలు పడిపోయే అవకాశం ఉంది కాబట్టి.

వేడి గురించి బెంగళూరులో ఉండే మనకి పెద్దగా తట్టదు, ఊరికి పోయినప్పుడే తెలుస్తుంది. ఒంటి వేడిని అదుపులో పెట్టే హైపోథాలమస్ మీద ఈ మందుల ప్రభావం ఉంటుంది, కొన్నిటికి చెమట కూడా తగ్గుతుంది, కాబట్టి మనిషికి వేడి తెలియకముందే ఒళ్ళు కాగిపోవచ్చు. మే నెలలో ఇక్కణ్ణించి కడపకో కర్నూలుకో విజయవాడకో పోతే మధ్యాహ్నం బయట తిప్పకండి, దాహం వేయకపోయినా మజ్జిగో నీళ్ళో చేతికివ్వండి. మంచం మీంచి లేచేటప్పుడు కూడా ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, లేచి కూర్చుని కాసేపాగి నిలబడమనాలి, రాత్రి బాత్రూంకి పోయేటప్పుడు మరీను.

పెద్దవాళ్ళ సంగతి ఒక్క మాట. ఎనభై ఏళ్ళ అమ్మమ్మకి కొత్తగా మనుషులు కనపడుతున్నారన్నా, మాటలు వినిపిస్తున్నాయన్నా ముందు కంటి చూపు, చెవి, యూరిన్ ఇన్ఫెక్షన్, కొత్తగా మొదలైన మందులు చూపించండి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ఇంట్లో ఇంకొకరి హాలోపెరిడాల్ టాబ్లెట్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు, వాళ్ళకి అసలే డోపమైన్ తక్కువ.

ఇప్పుడు నా మనసుకి బాగా దగ్గరైన విషయం. మాటల లాగుడుని తగ్గించే ఈ పనే మంచివాటి లాగుడుని కూడా తగ్గించగలదు. పాట పెడితే వింటాడు గానీ ఊగడు, బిర్యానీ వాసనకి వంటింట్లోకి రాడు, స్నేహితుడు ఫోన్ చేస్తే ఊఁ ఊఁ అని పెట్టేస్తాడు. జబ్బులోనే ఇలాంటి మందకొడితనం ఉంటుంది, మందు నిద్రమత్తు వల్ల కూడా వస్తుంది, డిప్రెషన్ కూడా అయ్యుండొచ్చు, మూడింటినీ విడదీయడం డాక్టర్‌కి కూడా తేలిక కాదు. మనం చేయగలిగింది ఎప్పట్నించి అనేది కచ్చితంగా చెప్పడం, డోస్ పెంచకముందు పాటలు వినేవాడు, పెంచాక మానేశాడు అని. అలా చెప్తే డోస్ కొంచెం తగ్గించి చూడటమో, రాత్రి పూట మార్చడమో, అరిపిప్రజోల్ లాంటిదానికి మారడమో ఆలోచిస్తారు. సోమరిపోతు అనే మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. లాగుడు లేని మనిషిని తిట్టి లేపలేం. మాటలు తగ్గాయి కదా ఇంకేం కావాలి అని సరిపెట్టుకోవడం కూడా అన్యాయమే, వాడికి పాట కూడా కావాలి.

కాఫీ, సిగరెట్ గురించి డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. సిగరెట్ పొగలో ఉండే పదార్థాలు లివర్‌లో ఒక ఎంజైమ్‌ని పెంచి క్లోజపిన్‌నీ ఒలాంజపిన్‌నీ తొందరగా కరిగించేస్తాయి. హాస్పిటల్లో అడ్మిట్ అయినన్నాళ్ళు సిగరెట్ లేదు, డోస్ సరిపోయింది, ఇంటికొచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు, రక్తంలో మందు తగ్గి మాటలు మళ్ళీ పెరిగాయి, మనమేమో మందు పనిచేయట్లేదంటాం. ఉల్టా కూడా అంతే, ఉన్నట్టుండి మానేస్తే అదే డోస్ ఎక్కువైపోయి మత్తుగా పడిపోతాడు. మానడం మంచిదే, డాక్టర్‌కి చెప్పి మానాలి. ఈ తేడా పొగ వల్లే, నికోటిన్ వల్ల కాదు. కాఫీ దీనికి వ్యతిరేకం, ఎక్కువ తాగితే క్లోజపిన్ రక్తంలో పెరుగుతుంది, దర్శినిలో, అదే నిలబడి తినే చిన్న హోటల్లో, రోజుకి నాలుగైదు ఫిల్టర్ కాఫీలు తాగే అలవాటుంటే ఆ లెక్క చెప్పాలి, ఒక్కసారిగా మార్చకూడదు.

ఇవన్నీ డాక్టర్‌కి చేరాలంటే ఒక నోట్‌బుక్ పెట్టండి. యాప్‌లు అక్కర్లేదు, ఇంకా ఫోన్‌లో నన్ను ఎవరో చూస్తున్నారు అనే అనుమానం ఉన్నవాళ్ళకి అసలు వద్దు. తనకి తెలిసేలా, తన ముందే రాయండి, వీలైతే తనచేతే రాయించండి, దాచి రాస్తే అదొక నిఘా అవుతుంది. రోజుకి నాలుగు లైన్లు చాలు, చెవి, కన్ను, నోరు, కాళ్ళు, వాటితో పాటు లాగుడు సున్నా నుంచి పదిలో ఎంత. ఇలా ఉంటుంది మాది:

సోమవారం. రాత్రి టాబ్లెట్ 9కి. పొద్దున మాటలున్నాయి, లాగుడు 3. మధ్యాహ్నం పైన డ్రిల్లింగ్, లాగుడు 7, అరగంట బాల్కనీలో కూర్చున్నాడు, కామెంటరీ పెట్టుకున్నాక 4. ఫోన్ అక్షరాలు మసక. కాళ్ళు బానే ఉన్నాయి. సాయంత్రం కాఫీ రెండు. పాట తనే పెట్టుకున్నాడు.

ఓపీలో వంద మంది ఉంటారు, డాక్టర్ దగ్గర మనకి దొరికేది కొన్ని నిమిషాలు. బెంగళూరులో మానసిక వైద్యానికి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి అయిన నిమ్హాన్స్‌కి అనంతపురం, చిత్తూరు, కడప వైపు నించి తెల్లారేసరికి దిగే తెలుగువాళ్ళు చాలామంది, లోపల డాక్టర్‌తో కన్నడమో హిందీయో ఇంగ్లీషో వచ్చీరాక మాట్లాడేసరికి అసలు విషయం మింగేస్తారు, బానే ఉన్నాడు సార్ అని వచ్చేస్తారు. తెలుగొచ్చిన డాక్టర్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉన్నారా అని మొహమాటపడకుండా అడగండి. నోట్‌బుక్‌లోంచి అన్నీ చదవొద్దు, మూడు విషయాలు ముందు రోజు రాత్రే గుర్తు పెట్టుకోండి, లాగుడు పోయిన నెలకీ ఈ నెలకీ ఎంత మారింది, ఒంట్లో కొత్తగా వచ్చిందేంటి, తనకి అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నదేంటి. మూడోది తననే చెప్పనివ్వండి. మనకి బరువు పెరగడం పెద్ద సమస్యలా ఉంటుంది, తనకి పాట రుచించకపోవడం పెద్ద సమస్యయ్యుండొచ్చు. రాత్రిపూట ఏదైనా తేడా వచ్చి ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు.

చివరగా మందు ఆపడం గురించి. మాటలు ఆగాయి, ఉద్యోగానికి పోతున్నాడు, ఇంకెందుకీ టాబ్లెట్ అనే ఆలోచన అందరికీ వస్తుంది, పేషెంట్‌కంటే ముందు చుట్టాలకి వస్తుంది. ఏళ్ళ తరబడి మూసిపెట్టిన రిసెప్టర్లు డోపమైన్‌కి ఇంకా సున్నితంగా తయారవుతాయని చాలా పరిశోధనల్లో కనపడింది, అందుకే ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, శబ్దాలు మళ్ళీ గుచ్చుకోవడం, మాటలు ముందుకంటే జోరుగా రావడం జరగొచ్చు. తగ్గించాలనిపిస్తే ఆ కోరిక తప్పు కాదు, డాక్టర్‌కి చెప్పి నెలల మీద మెల్లగా తగ్గించుకుంటూ, ఆ టైంలో నోట్‌బుక్ ఇంకా జాగ్రత్తగా రాసుకుంటూ చేయాలి, నిద్ర రెండు రాత్రులు వరసగా పాడైతే మూడో రోజు ఫోన్ చేయాలి. క్లోజపిన్ అయితే ఇంకో రూల్ ఉంది, వరసగా 48 గంటలు దాటి మిస్ అయితే పాత డోస్ ఎకాఎకిన వేసుకోకూడదు, బీపీ బాగా పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు, మళ్ళీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి, అది కూడా డాక్టర్ చెప్తేనే. సంక్రాంతికి ఊరికి బస్సెక్కేటప్పుడు ఉండే రోజులకంటే ఒక వారం ఎక్కువకి టాబ్లెట్లు, ప్రిస్క్రిప్షన్ జిరాక్స్, లాస్ట్ రక్తపరీక్ష రిపోర్టు హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టుకోండి, డిక్కీలో వేసే సూట్‌కేస్‌లో వద్దు, పల్లెటూళ్ళో మెడికల్ షాపుల్లో క్లోజపిన్ దొరక్కపోవచ్చు.